జానీ క్యాష్: పాత రికార్డా, ట్రిబ్యూట్ బ్యాండా?

అమెరికా కంట్రీ సంగీత గాయకుడు జానీ క్యాష్ 2003లో కన్నుమూశారు. ఇక మనకు మిగిలింది రికార్డులు, లేదంటే ఆయన పాటలు పాడే ట్రిబ్యూట్ బ్యాండ్లు.

గొంతు కోసమైతే రికార్డే. 1968 జనవరి 13న కాలిఫోర్నియాలోని ఫోల్సమ్ జైల్లో ఖైదీల ఎదుట పాడిన ఆల్బమ్ వినండి. ఆ బరువు ఇంకెవరికీ రాదు.

కానీ ఆయన పాటల్లోని రైలు నడకలాంటి దరువు ఎలా పుడుతుందో కళ్లారా చూడాలంటే బ్యాండ్ దగ్గరికే వెళ్లాలి. తొలినాళ్లలో డ్రమ్మర్ లేక, క్యాష్ తన గిటార్ తీగల మధ్య కాగితం దోపి డ్రమ్ములాంటి చప్పుడు తెప్పించేవారు. ఎంత చక్కటి ఉపాయం! ఆ పనితనం పట్టుకున్న బృందమైతే టికెట్ డబ్బులు దండగ కావు. ఆయనలా నల్లబట్టలు వేసుకుని గొంతు బొంగురు చేస్తే చాలనుకునే బృందమైతే నాకొద్దు. అందుకే షోలో నా చూపు ముందు గాయకుడి మీదికి కాదు, గిటారిస్ట్ కుడిచేతి మీదికి వెళ్తుంది.