‘టాక్టికల్’ మడత కత్తి ఆర్డర్ పెట్టబోతున్నారా? ముందు ఇది చదవండి

ఆన్‌లైన్‌లో 500 రూపాయల లోపు దొరుకుతున్న నల్లటి ‘టాక్టికల్ ఫోల్డింగ్ నైఫ్’ కొనాలని చూస్తున్నవాళ్లు దయచేసి కాస్త ఆగండి. పిడి చివర అద్దం పగలగొట్టే మొన, పక్కన సీటు బెల్టు కోసే కొక్కెం, బ్లేడు నిండా అలలు అలలుగా గీతలు, ఫోటోలో చెట్టు మొద్దులో దిగబడి నిలబడ్డ కత్తి, కింద పెద్ద అక్షరాలతో ‘హెవీ డ్యూటీ, సెల్ఫ్ డిఫెన్స్’. నేను చెప్పేది దాని గురించే. ఆ కత్తికి లాక్ ఉన్నట్టే కనిపిస్తుంది, తెరవగానే టక్కుమని చప్పుడు కూడా వస్తుంది. కానీ వెనక నుంచి కాస్త బలం పడితే చాలు, లాక్ జారిపోయి బ్లేడు పట్టుకున్న వేళ్ల మీదకే మూసుకుంటుంది. మా దగ్గర పనిచేసే కుర్రాడికి అదే జరిగింది.

మాది అనంతపురం వైపు డ్రిప్ ఫిట్టింగ్ పని, ఎక్కువగా చీనీ (బత్తాయి) తోటల్లో. మొక్కల వరుస వెంట వేసే 16 ఎం.ఎం. లేటరల్ పైపు కోయాలన్నా, ఫిల్టర్ అట్టపెట్టె విప్పాలన్నా, ప్లాస్టిక్ తాడు తెంపాలన్నా చేతిలో కత్తి ఉండాల్సిందే. మడత కత్తి అయితే జేబులో పెట్టుకుని తిరగొచ్చని తెప్పించాం. 2,999 కొట్టేసి 449 అని పెట్టారు. పేజీలో ‘440సీ స్టీల్’ అని రాశారు. చేతిలోకి తీసుకుంటే బరువుగా, గట్టిగానే అనిపించింది. మొదట్లో అట్టపెట్టెలు, బస్తాలు బాగానే కోసింది.

మెయిన్ లైన్‌కి తెచ్చిన హెచ్‌డీపీఈ (గట్టి ప్లాస్టిక్) పైపు కోస్తున్నప్పుడు బ్లేడు సగంలో ఇరుక్కుపోయింది. ఎవరైనా ఏం చేస్తారు? కాస్త అటూ ఇటూ ఊపి బయటికి లాగుతారు. మావాడూ అదే చేశాడు. అలా ఊపేటప్పుడు బలమంతా కత్తి వెన్ను మీద పడుతుంది. లాక్ వదిలేసింది. చూపుడు వేలు, మధ్య వేలు రెండూ తెగాయి. పక్కనున్న పెద్దాయన పసుపు తెమ్మన్నాడు, ఇంకొకరు కాఫీ పొడి అన్నారు. ఏదీ పెట్టనివ్వకుండా శుభ్రమైన గుడ్డతో గట్టిగా అదిమి, చెయ్యి పైకెత్తి పట్టుకోమని చెప్పి ఆస్పత్రికి తీసుకెళ్లాం. డాక్టర్ ముందు ఒక్కో వేలు మడిచి చూపించమన్నారు, ఆ తర్వాత కొసల్లో స్పర్శ తెలుస్తోందా అని అడిగారు. వేలు మడవలేకపోయినా, తిమ్మిరిగా ఉన్నా లోపల టెండన్ (వేలిని కదిలించే తాడులాంటి కండర బంధం) గానీ నరం గానీ తెగి ఉండొచ్చట. అదృష్టం, మావాడి వేళ్లు మడుచుకున్నాయి. కుట్లు, టీటీ ఇంజెక్షన్‌తో బయటపడ్డాడు.

తర్వాత ఆ కత్తిని తెలిసిన లేత్ షాపుకు తీసుకెళ్లి విప్పించాను. ఇక్కడ కొంచెం వివరంగా చెబుతాను, ఎందుకంటే మోసమంతా లోపలే ఉంది.

చవక మడత కత్తుల్లో ఎక్కువగా ఉండేది లైనర్ లాక్. పిడి లోపల ఒక వైపు స్టీలు రేకు ఉంటుంది. దాన్ని చీల్చి కాస్త లోపలికి వంచి స్ప్రింగులా చేస్తారు. బ్లేడు పూర్తిగా తెరవగానే ఆ రేకు కొస పక్కకు జరిగి బ్లేడు తోక, అంటే పిడిలో ఉండే వెనక కొస, వెనక అడ్డంగా నిలబడుతుంది. ఇక బ్లేడు మూసుకోలేదు. ఆలోచన మంచిదే, పేరున్న కంపెనీలు కూడా ఇదే వాడతాయి. కాకపోతే రేకు మందంగా ఉండాలి, రేకు కొసా బ్లేడు తోకా సరైన కోణంలో ఒకదానికొకటి ఆనుకోవాలి. మా కత్తిలో రేకు మందం వెర్నియర్‌తో కొలిస్తే 0.8 ఎం.ఎం. అది కూడా ఒక మూల మాత్రమే తగులుతోంది, మిగతాదంతా ఖాళీ. ఆ మూల కూడా అప్పటికే అరిగి నున్నగా మెరుస్తోంది. వెలుతురుకు ఎదురుగా పెడితే సందులోంచి అవతలి గోడ కనిపించింది!

ఇక ఆ ‘440సీ’ సంగతి. 440 అనేది ఒకే స్టీలు కాదు. 440ఏ లో కార్బన్ సుమారు 0.60 నుంచి 0.75 శాతం, 440సీ లో 0.95 నుంచి 1.20 శాతం ఉంటుంది. పైగా ఇలాంటి స్టీలు సరిగ్గా కాల్చి చల్లార్చితేనే గట్టిపడుతుంది. లేత్ షాపు ఆయన బ్లేడు వెన్ను మీద ఆకురాయి పెట్టి ఒక్కసారి రుద్దగానే రజను రాలింది. సరిగ్గా గట్టిపరచిన బ్లేడు మీద అయితే ఆకురాయి జారుతుంది, అంత తేలిగ్గా పట్టదు. డమాస్కస్ అనిపించేలా ఉన్న అలల గీతలు కూడా పైపై ముద్రే, కాస్త ఎమెరీ కాగితంతో రుద్దితే పోయాయి. అసలు డమాస్కస్ అయితే రెండు రకాల స్టీలు పొరలు కలిపి సాగగొట్టినది, ఎంత అరగదీసినా యాసిడ్ పూస్తే ఆ నమూనా మళ్లీ తేలుతుంది. 449 రూపాయలకు అది ఎలా వస్తుందని అడక్కండి.

పేజీలో వేలకొద్దీ రివ్యూలు, నాలుగున్నర స్టార్లు ఉన్నాయి కదా అంటారు. నిజమే, ఉన్నాయి. ఈసారి ఓపిగ్గా కిందికి వెళ్లి పాతవి చదివాను. ‘లైట్ చాలా దూరం కొడుతోంది’, ‘చార్జింగ్ రెండు రోజులు వస్తోంది’. అంటే టార్చిలైటు రివ్యూలు! ఎప్పుడో టార్చి అమ్మిన పేజీలో వస్తువు మార్చేసి కత్తి పెట్టారు, స్టార్లు అలాగే అంటిపెట్టుకుని ఉన్నాయి. ఏ వస్తువుకైనా సరే, రివ్యూలను ‘కొత్తవి ముందు’ అని పెట్టి చదవండి. తర్వాత ఒకటీ రెండూ స్టార్లవి చదవండి. కొన్నవాళ్లు పెట్టిన ఫోటోలు చూడండి. నేను చూసిన పేజీలో కొన్నవాళ్ల ఫోటోల్లో సగం టార్చివే.

ప్యాకెట్ సంగతి ఇంకా ఘోరం. మన దేశంలో అమ్మే ప్యాకెట్ మీద తయారీదారు లేదా దిగుమతిదారు పేరు, చిరునామా, ఎంఆర్‌పీ, తయారైన నెల, సంవత్సరం, ఫిర్యాదుకు నంబరు ఉండాలని 2011 నాటి లీగల్ మెట్రాలజీ (తూనికలు, కొలతల) రూల్స్ చెబుతున్నాయి. బయటి నుంచి వచ్చిన సరుకైతే ఏ దేశానిదో కూడా చెప్పాలి. మాకొచ్చింది ఒట్టి నల్ల డబ్బా. లోపల ఒక చిన్న ఇంగ్లిష్ చీటీ, అందులో ‘హై క్వాలిటీ’ తప్ప ఇంకేం లేదు.

ఇప్పుడు ‘సెల్ఫ్ డిఫెన్స్’ దగ్గరికి వద్దాం. చాలామంది ఆడపిల్లల కోసమని, రాత్రి డ్యూటీ నుంచి ఒంటరిగా వచ్చేవాళ్ల కోసమని కొనేది ఆ మాట చూసే. ఒక్కటి ఆలోచించండి. పైపులో ఇరుక్కుంటేనే నిలబడని లాక్, భయంలో, చెమట చేతుల్లో, మొనతో దేన్నైనా గట్టిగా తాకితే నిలబడుతుందా? మొన మీద బలం పడినప్పుడు బ్లేడు మూసుకునే వైపే నెట్టుకొస్తుంది, చెయ్యి జారితే వేళ్లు నేరుగా పదును మీదకే పోతాయి. ముందు తెగేది పట్టుకున్నవాళ్ల చెయ్యే. అదీ గాక కత్తి బయటికి తీశాక ఎదుటివాడు దాన్ని లాక్కుంటే ఏమిటన్నది ఏ పేజీలోనూ రాయరు. మా ఇంట్లో ఎవరైనా అడిగితే నేను కత్తి కొనివ్వను. గట్టిగా మోగే అలారం ఒకటి తాళంచెవుల గుత్తికి తగిలించి, ఫోన్‌లో 112 నొక్కడం అలవాటు చేయిస్తాను.

చట్టం కూడా తెలిసి ఉండటం మంచిది. ఆత్మరక్షణ హక్కు ఉంది. భారతీయ న్యాయ సంహితలో 34 నుంచి 44 వరకు సెక్షన్లు దాని గురించే. అయితే రక్షణకు అవసరమైనంత మించి హాని చేయకూడదని, పోలీసుల సాయం తీసుకునే వ్యవధి ఉన్నప్పుడు ఆ హక్కు వర్తించదని 37వ సెక్షన్ చెబుతుంది. ఆయుధాల రూల్స్‌లో 9 అంగుళాల కంటే పొడవు లేదా 2 అంగుళాల కంటే వెడల్పు ఉన్న బ్లేడ్ల ప్రస్తావన ఉంది. ఇంటి పనికి, వ్యవసాయానికి, పరిశ్రమలకు చేసినవి అందులోకి రావు. దాన్ని పట్టుకుని ‘9 అంగుళాల లోపు ఏదైనా లీగల్’ అని అమ్మేవాళ్లు రాసేస్తున్నారు. అంత తేలిక కాదు. ఢిల్లీలో బటన్ నొక్కితే తెరుచుకునే కత్తులకు 1980 నోటిఫికేషన్ ప్రకారం కొలతలు వేరు, 7.62 సెంటీమీటర్ల బ్లేడు కూడా అందులోకి రావచ్చు. మన దగ్గర కూడా ఎన్నికలప్పుడో గొడవలప్పుడో నిషేధాజ్ఞలు పెడితే కత్తులు పట్టుకు తిరగొద్దని అందులోనే రాస్తారు. తోటలో టూల్ బాక్స్‌లో ఉన్న పని కత్తి వేరు, అర్ధరాత్రి బైక్ తనిఖీలో జేబులోంచి బయటపడే ‘సెల్ఫ్ డిఫెన్స్’ కత్తి వేరు. పుర్రె బొమ్మ ఉన్న అలాంటి కత్తి చూపించి పైపులు కోసుకోవడానికి సార్ అంటే ఎస్సై గారు నమ్ముతారా?

మరి పనికి ఏది కొనాలి అని చాలామంది అడుగుతున్నారు. పైపులు కోయడానికి అసలు కత్తే వద్దు. రాట్చెట్ పైపు కట్టర్ హార్డ్‌వేర్ షాపులో దొరుకుతుంది, ఇప్పుడు మా టీమ్ అంతా అదే. అట్టపెట్టెలు, తాళ్లకు బ్లేడు మార్చుకునే కట్టర్ చాలు. నిజంగా బండ పని అయితే మడత లేని కత్తి కొనండి. మా వైపు కమ్మరి లారీ కమాన్ పట్టీతో చేసిచ్చే కత్తికి లాక్ ఉండదు, కాబట్టి జారేదీ ఉండదు.

మడత కత్తే కావాలంటే లాక్ చూసి కొనండి. ఫ్రాన్స్ వాళ్ల ఒపినెల్‌లో పిడి మెడ దగ్గర ఒక స్టీలు ఉంగరం ఉంటుంది, తెరిచాక దాన్ని తిప్పితే బ్లేడు వెనక దారి మూసుకుపోతుంది. 1955 నుంచి వాళ్లు వాడుతున్న పద్ధతి. 8వ నంబరు బ్లేడు 8.5 సెంటీమీటర్లు, సన్నగా బాగా కోస్తుంది. కాకపోతే కార్బన్ స్టీలు రకం తీసుకుంటే చీనీకాయ రసం తగిలి నల్లబడుతుంది, తుడవకపోతే తుప్పు. తడిస్తే చెక్క పిడి ఉబ్బి తెరవడానికి గోళ్లు నొప్పెడతాయి కూడా. విక్టోరినాక్స్ కొనేవాళ్లు ఒకటి గమనించాలి. అందరి దగ్గరా కనిపించే 91 ఎం.ఎం. ఎర్ర చాకుల్లో పెద్ద బ్లేడుకు లాక్ ఉండదు, స్ప్రింగ్ పట్టు మాత్రమే. 111 ఎం.ఎం. సైజులో లాక్ ఉన్నవి దొరుకుతాయి. ఈ రెండు పేర్లకూ నకిలీలు ఉంటాయి కాబట్టి అమ్మేవాడు ఎవరో చూసుకోండి. ఏ మడత కత్తితోనూ దేన్నీ పెకలించొద్దు, ఎంత ఖరీదైనదైనా సరే.

చేతికి రాగానే చూడాల్సినవి: తెరిచి బ్లేడును పైకీ కిందికీ, పక్కలకూ కదిపితే లూజు ఉండకూడదు. లైనర్ లాక్ అయితే వెలుతురులో చూసి రేకు కొస బ్లేడు తోకకు నిండుగా ఆనిందో లేదో చూడండి. తర్వాత మందపాటి గ్లౌజు వేసుకుని, మూసుకునే దారిలో ఒక్క వేలు కూడా లేకుండా పిడి చివర పట్టుకుని, బ్లేడు వెన్నును చెక్క బల్ల మీద మెల్లగా నొక్కండి, రెండు మూడు సార్లు తట్టండి. మూసుకుందంటే ఇంక వాడొద్దు, రిటర్న్ గడువు లోపే వెనక్కి పంపండి. పివట్ (బ్లేడు తిరిగే ఇరుసు) దగ్గర స్క్రూ ఉందా, రివెట్టా అన్నదీ చూడండి. రివెట్ అయితే లూజు వచ్చాక బిగించుకునే దారే లేదు.

మా డబ్బు సంగతి చెప్పి ఆపుతాను. అమ్మినవాడిని అడిగితే ‘వాడిన వస్తువుకు రిటర్న్ లేదు’ అన్నాడు, కుర్రాడి చేతి ఫోటో పంపితే 50 రూపాయల కూపన్ ఇస్తానన్నాడు. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 కి ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించాక 449 వెనక్కి వచ్చింది. ఆస్పత్రి ఖర్చు మాత్రం ఎవరూ మాట్లాడటం లేదు, దానికి జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్తున్నాం. సంఘటన జరిగిన రెండేళ్ల లోపు వేయొచ్చు, వస్తువు ధర 5 లక్షల లోపు ఉంటే ఫీజు కూడా లేదు. ఇలాంటిది మీకు ఎదురైతే కత్తిని పారేయకండి, రిపేరు చేయించకండి. డబ్బా, బిల్లు, ఆస్పత్రి చీటీ, పేజీ స్క్రీన్‌షాట్ అన్నీ తీసి పెట్టుకోండి. స్క్రీన్‌షాట్ మొదటి రోజే తీయండి. మేం కొన్న పేజీ ఇప్పుడు లేదు. అవే ఫోటోలు, అదే చెట్టు మొద్దు, ఇంకో అమ్మకందారు పేరుతో 399కి నిన్న కనిపించాయి.