సూర్యారావుపేట కంటి ఆసుపత్రి: ఆపరేషన్ బాగుంది, ఆ తర్వాత చెప్పేవాళ్లే లేరు

అమ్మకి నీటికాసుల (గ్లకోమా) ఆపరేషన్, అదే ట్రాబెక్యులెక్టమీ, విజయవాడ సూర్యారావుపేటలో చేయించాం. ఆసుపత్రి పేరు రాయను. మంచి ముందు చెప్పాలి కాబట్టి చెప్తున్నా, 30 దగ్గరున్న కంటి ప్రెషర్ ఇప్పుడు చుక్కల మందు లేకుండానే 14కి దిగింది. సర్జన్ చేయి మంచిది, అందులో రెండో మాట లేదు.

నా కంప్లైంట్ అంతా కంటి పైపొర గురించి. ఇంటికొచ్చాక ఒకటే గరగర, ఫ్యాన్ కింద కూర్చుంటే చాలు నీళ్లు కారిపోవడం. ఫోన్ చేస్తే "ఆపరేషన్ అయ్యాక అలాగే ఉంటుందండీ, తగ్గిపోద్ది" అని పెట్టేశారు. ఎందుకుంటుందో చెప్పొచ్చు కదా!

చెప్పింది చెకప్‌లో ఒక జూనియర్ డాక్టరమ్మ. అమ్మని కిందకి చూడమని, పైరెప్ప ఎత్తి, ఫొటో తీసి మాకు చూపించింది. నల్లగుడ్డు అంచుకి పైన, తెల్లగుడ్డు మీద నీటిపొక్కులా చిన్న ఉబ్బు. దాన్ని బ్లెబ్ అంటారు. కంటి లోపలి నీరు అక్కడికి చేరి మెల్లగా ఇంకిపోతుంది, ప్రెషర్ తగ్గేది దానివల్లే. కాకపోతే అది మరీ ఎత్తుగా ఉంటే, రెప్ప ఆర్పినప్పుడు కన్నీరు దాని పక్కన సరిగ్గా పరుచుకోదు, అక్కడ ఎండిపోతుంది. పైగా ఆ నీరు వచ్చే దారి మచ్చకట్టి మూసుకుపోకుండా ఆపరేషన్లో మైటోమైసిన్ అనే మందు పెడతారు, దాంతో పైపొర పల్చబడొచ్చు. ఇక ఏళ్లతరబడి వేసుకున్న గ్లకోమా చుక్కలు ఉండనే ఉన్నాయి, చాలా వాటిలో బెంజాల్కోనియం క్లోరైడ్ అనే ప్రిజర్వేటివ్, అంటే మందు పాడవకుండా కలిపేది, ఉంటుంది, కన్ను పొడిబారడం అక్కడే మొదలవుతుందట. అంటే ఆపరేషన్ టేబుల్ ఎక్కకముందే అమ్మ కన్ను సగం అలిసిపోయింది. కన్నీరు ఎంత ఊరుతుందో చూడ్డానికి కింది రెప్పకి కాగితం ముక్క తగిలించి 5 నిమిషాలు ఉంచారు, తడి కొంచెం కూడా పాకలేదు.

ప్రిజర్వేటివ్ లేని కన్నీటి చుక్కలు రాసిచ్చింది. కింద మెడికల్ షాపువాడు మామూలు సీసా ఇచ్చి "రెండూ ఒకటే సార్" అన్నాడు. ఒకటి కాదు, చీటీ చూపించి మార్పించుకున్నా. సింగిల్ డోసువి రేటెక్కువే గానీ అమ్మకి గరగర బాగా తగ్గింది.

ఇంకో సంగతి, కన్ను ఎర్రబడి నొప్పి పుట్టినా, చూపు మసకబారినా, పుసి కట్టినా ఏళ్ల తర్వాతైనా సరే వెంటనే రావాలట, బ్లెబ్‌కి ఇన్ఫెక్షన్ పడితే కన్నుకే ప్రమాదం. ఇంత ముఖ్యమైన మాట డిశ్చార్జి కాగితంలో ఇంగ్లీషులో, అదీ చీమ తలకాయంత అక్షరాల్లో ఉంది. అమ్మ ఏం చదువుతుంది?

ఆపరేషన్‌కి 5, ఫోన్ ఎత్తినవాళ్లకి 1, ఆ డాక్టరమ్మకి మాత్రం 5కి 5. పార్కింగ్ లేదు, ఆటోలో వెళ్లండి.