కార్లో దాచిన జీపీఎస్ ట్రాకర్: ఏళ్ల తరబడి వాడాక నా రివ్యూ

ముందే చెప్పేస్తా, వైర్ కనెక్షన్ ఉన్న ట్రాకర్ కొందామనుకుంటే కొనేయండి, పని చేస్తుంది. కాకపోతే ఏ కంపెనీది కొనాలా అని రాత్రుళ్లు కూర్చుని చూసే టైంలో సగమైనా, దాన్ని బండిలో ఎక్కడ పెట్టాలి, కరెంట్ ఎక్కణ్ణుంచి తీసుకోవాలి అనేదాని మీద పెట్టండి. నాది మామూలు 4జీ ట్రాకర్, అగ్గిపెట్టె కంటే కాస్త పెద్దది, లోపల చిన్న బ్యాకప్ బ్యాటరీ, బయటికి నాలుగు వైర్లు. ఇన్నేళ్లలో ఆ డబ్బా వల్ల పడ్డ ఇబ్బంది తక్కువే, వైరింగు, సిమ్ము, యాప్ ఈ మూడింటితోనే తలనొప్పంతా.

నాలుగు వైర్లంటే ఎరుపు బ్యాటరీ ప్లస్‌కి, నలుపు ఎర్త్‌కి, మూడోది ఇగ్నిషన్‌కి, నాలుగోది ఇంజిన్ ఆపే రిలేకి (ఫ్యూయల్ పంప్‌కి కరెంట్ కట్ చేసే స్విచ్ లాంటిది). రంగుల్ని మాత్రం గుడ్డిగా నమ్మొద్దు, కంపెనీ కంపెనీకీ మారిపోతుంటాయి, డబ్బాలో ఇచ్చిన కాగితం చూసి కలపండి. ఎరుపుకి ఎప్పుడూ సప్లై ఉండే లైన్ కావాలి, ఇక్కడే చాలామంది బోల్తా పడతారు, ఎందుకంటే కొత్త బండ్లలో తాళంచెవి బయటికి తీశాక కూడా కొన్ని లైన్లు కాసేపు బతికే ఉంటాయి, లాక్ చేసి వెళ్లిపోయాక మెల్లగా చచ్చిపోతాయి. లోపలి లైటు లైన్ కూడా అంతే. అందుకని నేను మల్టీమీటర్ క్లిప్పులు పెట్టి, మీటర్ని సీటు మీద డిస్‌ప్లే అద్దంలోంచి కనపడేలా ఆనించి, బండి లాక్ చేసేసి అరగంట తర్వాత వచ్చి చూశా. అప్పటికీ 12 వోల్టుల పైన చూపిస్తేనే అది అసలైన లైన్. తీసుకున్నచోటికి దగ్గర్లోనే 1 లేదా 2 ఆంపియర్ల ఫ్యూజ్ తప్పనిసరి, ఆ ఫ్యూజు ట్రాకర్ కోసం కాదు, ఎక్కడైనా వైర్ రేకుకి రాసుకుని షార్ట్ అయితే మంట రాకుండా ఉండటానికి.

ఎర్త్‌ని తేలిగ్గా తీసుకోవద్దు. పెయింట్ మీద లూజుగా ఉన్న స్క్రూకి చుట్టేసి అయిపోయిందనుకుంటే ఆ ట్రాకర్ దారిలో రీస్టార్ట్ అవుతూనే ఉంటుంది, మ్యాప్‌లో బండి ఒక చోట మాయమై ఇంకో చోట తేలుతుంది. బాడీకి నేరుగా బిగించిన బోల్ట్ వెతికి, దాని కింద పెయింట్ గీకి, రింగ్ టెర్మినల్ పెట్టి బిగించాలి. జాయింట్లకి ఆ నొక్కేసే ప్లాస్టిక్ క్లిప్పులు నాకైతే ఇష్టం ఉండదు, లోపలి బ్లేడు సన్న పోగుల్ని కోసేస్తుంది, అదురుకి లూజవుతుంది. సోల్డర్ చేసి పైన హీట్ ష్రింక్ (వేడికి బిగుసుకునే తొడుగు) వేస్తే మళ్లీ దాని మొహం చూడక్కర్లేదు.

బ్యాటరీ దిగిపోతుందా అని అందరూ అడుగుతారు. లెక్క వేసుకోండి: స్లీప్‌లో, అంటే బండి ఆగాక ట్రాకర్ నిద్రపోయినప్పుడు, 5 మిల్లీ ఆంపియర్లు లాగితే నెలకి 3.6 ఆంపియర్ అవర్లు, కారుకి ఉండే 45 ఆంపియర్ అవర్ల బ్యాటరీకి అదో లెక్కే కాదు. అదే స్లీప్‌లోకి వెళ్లకుండా 40 మిల్లీ ఆంపియర్లు లాగుతూ ఉంటే నెలకి 28.8, అంటే సగానికి పైగా పోయినట్టే. ఇక 5 ఆంపియర్ అవర్ల బ్యాటరీ ఉన్న బైక్ అయితే ఐదు రోజుల్లో ఖాళీ. వైబ్రేషన్ సెన్సర్‌ని మరీ ఎక్కువ సెన్సిటివిటీలో పెడితే పక్కనుంచి లారీ పోయినా లేచి కూర్చుంటుంది, అక్కడ తగ్గించుకోండి.

ఇక దాచడం. నాది ఎక్కడుందో చెప్పను, చెప్తే ఇంక దాచి ఏం లాభం. కానీ ఎక్కడ పెట్టకూడదో చెప్తా. స్టీరింగ్ కింద, గ్లవ్ బాక్స్ వెనక, ఓబీడీ పోర్టులో (మెకానిక్ స్కానర్ గుచ్చే సాకెట్), బైక్ అయితే సీటు కింద, చెయ్యి పెట్టగానే దొరికే చోట్లు ఇవే, దొంగ ముందు చూసేదీ వీటినే. జీపీఎస్ సిగ్నల్ 20 వేల కిలోమీటర్ల పైనుంచి వస్తుంది కాబట్టి చాలా వీక్‌గా ఉంటుంది, ప్లాస్టిక్, గుడ్డ, ఫోమ్ దాటుతుంది గానీ రేకు దాటదు. వేడి ఆపడానికి మెటల్ పూత వేసిన అద్దాల కింద కూడా ఇబ్బందే. యాంటెన్నా ఉన్న వైపు ఆకాశానికి తిప్పి పెట్టాలి. ట్రిమ్ (లోపలి ప్లాస్టిక్ ప్యానెళ్లు) అంతా మూసేసే ముందు డబుల్ టేప్‌తో ఊరికే అతికించి కొన్నాళ్లు తిరగండి, లొకేషన్ సరిగ్గా వస్తే అప్పుడు ఫిక్స్ చేయండి. పసుపు కనెక్టర్లు, పసుపు తొడుగు ఉన్న వైర్ల జోలికి మాత్రం అస్సలు పోవద్దు, అవి ఎయిర్‌బ్యాగ్‌వి. ముందు అద్దం పక్కనుండే పిల్లర్ ట్రిమ్‌లో కూడా పెట్టకండి, చాలా బండ్లలో కర్టెన్ ఎయిర్‌బ్యాగ్ అక్కణ్ణుంచే తెరుచుకుంటుంది.

డబ్బా ఎంత బాగా దాచినా పట్టించేది వైరే. ఎర్రగా మెరుస్తూ ఒక కొత్త వైర్ ఫ్యూజ్ బాక్స్ నుంచి బయటికొస్తే దాన్ని పట్టుకుని వెళ్తే చాలు, అటు చివర ట్రాకర్ దొరుకుతుంది. అందుకే నా వైర్లని కంపెనీ హార్నెస్ (బండితో వచ్చే వైర్ల కట్ట) వెంబడే తీసుకెళ్లి, మెరిసే ప్లాస్టిక్ టేప్ కాకుండా హార్నెస్‌కి వాడే ఆ గుడ్డ టేపే కలిపి చుట్టేశా (ప్లాస్టిక్ టేప్ ఎండకి జిగురు కారి ఊడిపోతుంది, అదో దరిద్రం). ఎల్‌ఈడీల మీద కూడా అదే టేప్ ముక్క. ఆ మధ్య సర్వీస్‌లో వేరే పని మీద ట్రిమ్ ఊడదీసిన మెకానిక్ ఆ కట్టని చేత్తో పక్కకి జరిపి, తన పని చేసుకుని, మళ్లీ క్లిప్పులో పెట్టేశాడు, ఏమీ అడగలేదు. నా పనితనానికి అంతకంటే సర్టిఫికెట్ ఏం కావాలి.

రిలే నేను కలపలేదు. పరిగెత్తే బండికి ఫ్యూయల్ పంప్ ఆగిపోతే ఏమవుతుందో ఊహించుకోండి, చాలా డివైసులు స్పీడ్ తగ్గాకే కట్ చేస్తాయి గానీ నాకు ధైర్యం చాల్లేదు. పెట్టుకునేవాళ్లు రిలేలో మామూలుగా కలిసే ఉండే 30, 87ఏ పిన్నుల మీద పెట్టించుకోండి, రిలే కాయిల్ పోయినా బండి స్టార్ట్ అవుతుంది.

సిమ్ దగ్గర రెండు మాటలు. పిన్ లాక్ తీసేయండి, వ్యాలిడిటీ అయిపోయే తేదీ ఫోన్లో రిమైండర్ పెట్టుకోండి. 2జీ మాత్రమే ఉన్న పాత మోడల్ చవగ్గా వస్తుందని ఎగబడకండి, చాలా దేశాల్లో ఆ నెట్‌వర్కులు మూసేస్తున్నారు. యాప్ సంగతికొస్తే నాకు ఒళ్లు మండింది ఇక్కడే, అమ్మిన కంపెనీ వాళ్ల సర్వర్ చెప్పాపెట్టకుండా పడిపోయింది, ఫోన్ చేస్తే చూస్తున్నాం సార్ అంటారు, రోజులు గడిచాయి. సర్వర్ అడ్రస్‌ని ఎస్సెమ్మెస్‌తో మార్చుకోగలిగే మోడల్ కాబట్టి వేరే ప్లాట్‌ఫామ్‌కి తిప్పుకుని బతికిపోయా, కొనేముందు ఈ సౌకర్యం ఉందో లేదో అడగండి. 123456 పాస్‌వర్డ్ మొదటిరోజే మార్చేయండి. 2022 జులైలో మైకోడస్ ఎంవీ720 అనే ట్రాకర్‌లో లోపాలున్నాయని అమెరికా ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సిసా (CISA) హెచ్చరిక ఇచ్చింది, అందులో పరిశోధకులు ఎత్తి చూపినవాటిలో ఈ డిఫాల్ట్ పాస్‌వర్డ్ కూడా ఒకటి.

ఎండకి బ్యాకప్ బ్యాటరీ ఉబ్బింది, మార్పించా. అప్పట్నుంచి అప్పుడప్పుడూ ఫ్యూజ్ పీకి పవర్ కట్ అలర్ట్ వస్తోందా లేదా అని చూసుకుంటున్నా. సెల్లార్‌లో ఉంటే పాత లొకేషనే చూపిస్తుంది, పార్కింగ్‌లో ఉన్న బండి పది ఇరవై మీటర్లు నడిచినట్టు కూడా చూపిస్తుంది, జియో ఫెన్స్ (బండి దాటితే అలర్ట్ వచ్చేలా మ్యాప్‌లో గీసే గీత) 200 మీటర్లకి తక్కువ పెడితే అర్ధరాత్రి అలర్టులే అలర్టులు. దొంగ జామర్ (సిగ్నల్ని అడ్డుకునే పరికరం) వాడితే ఇది గప్‌చుప్, ఆ భయం ఉన్నవాళ్లు వైర్ లేకుండా రోజుకోసారి మాత్రం లేచే బ్యాటరీ ట్రాకర్ ఇంకోటి వేరే మూల పడేయండి. బండి ఇంకెవరైనా నడుపుతుంటే ట్రాకర్ ఉందని వాళ్లకి చెప్పండి, చెప్పకుండా మనిషిని ట్రాక్ చేయడం చాలాచోట్ల నేరం. బండి అమ్మేటప్పుడు డబ్బా, వైరు, ఫ్యూజు అన్నీ విప్పేసి యాప్‌లోంచి కూడా తీసేయండి, లేకపోతే కొన్నవాళ్ల తిరుగుళ్లన్నీ మీ ఫోన్లో కనిపిస్తూ ఉంటాయి.