మాలిబ్డినం కార్బైడ్ (మాలిబ్డినం, కార్బన్ కలిసిన పదార్థం) నానో కణాల తయారీ: మీథేన్ దారా, యూరియా దారా?

ఖర్చు: మీథేన్ దారిలో మీథేన్, హైడ్రోజన్ గ్యాస్‌లు వాడాలి, అంటే సిలిండర్లు, ఫ్లో కంట్రోలర్లు, లీక్ అలారం అన్నీ కావాలి. యూరియాకి నైట్రోజన్ పారే ట్యూబ్ ఫర్నేస్ (గొట్టం ఆకారపు కొలిమి) చాలు.

శ్రమ: మీథేన్ దారిలో మాలిబ్డినం ట్రయాక్సైడ్‌ని దాదాపు 700 డిగ్రీల దాకా నెమ్మదిగా వేడి చేస్తూ కూర్చోవాలి. యూరియా దారిలో మాలిబ్డినం క్లోరైడ్‌ని ఇథనాల్‌లో కలిపి (పొగలొస్తాయి, పొగని లాగేసే ఫ్యూమ్ హుడ్‌లోనే చేయండి), యూరియా వేసి, చిక్కబడ్డాక సుమారు 800 డిగ్రీలకి పంపితే సరి.

రిస్క్: మీథేన్‌లో వేడి మించితే కణాల మీద మసి పేరుకుంటుంది. యూరియా తక్కువైతే కార్బైడ్ బదులు నైట్రైడ్ (నైట్రోజన్‌తో కలిసిన పదార్థం) వస్తుంది.

రెండిటికీ ఒకే గండం గాలి. ఒకసారి చల్లారింది కదా అని బోటు (పొడి పెట్టే చిన్న పళ్లెం) నేరుగా బయటికి తీశాను, నల్లటి పొడి ఒక అంచు నుంచి ఎర్రగా రాజుకుంటూ రెండో అంచుకి పాకింది, వారం పని నా కళ్ల ముందే ఆక్సైడ్ అయిపోయింది. బయటికి తీసే ముందు 1 శాతం ఆక్సిజన్ కలిపిన గ్యాస్‌ని కొన్ని గంటలు పోనివ్వండి, ప్లీజ్.

పరీక్షల్లో ఎక్స్‌ఆర్‌డీ (ఎక్స్-కిరణాలతో స్ఫటికాన్ని గుర్తించే పరీక్ష) ఒక్కటే నమ్మొద్దు. 34.4, 38, 39.4 డిగ్రీల దగ్గర (రాగి ఎక్స్-కిరణాలతో) పీకులు కనిపిస్తే కార్బైడ్ వచ్చినట్టే, కానీ మసి అందులో సరిగా కనపడదు. దానికి రామన్ (లేజర్ కాంతితో చేసే పరీక్ష)లో 1350, 1580 సెం.మీ⁻¹ దగ్గర కార్బన్ పీకులు చూడాలి. పైపొర ఆక్సైడ్ సంగతి ఎక్స్‌పీఎస్ (ఎక్స్-కిరణాలతో ఉపరితలాన్ని చూసే పరీక్ష) చెబుతుంది.

గ్యాస్ రియాక్షన్‌కి శుభ్రమైన ఉపరితలం కావాలంటే మీథేన్. ఎలక్ట్రోడ్ మీద పూయాలంటే యూరియాకే నా ఓటు, వెంట వచ్చే కార్బన్ కరెంటుకి దారిస్తుంది.