కార్పెట్‌కు అంటిన చూయింగ్ గమ్ మీద నీలగిరి తైలం: ఎక్కడ పనిచేస్తుంది, ఎక్కడ చెడగొడుతుంది

కారు కార్పెట్‌లో చూయింగ్ గమ్ ఇరుక్కుంటే మందుల షాపులో దొరికే చిన్న సీసా నీలగిరి తైలం (యూకలిప్టస్ ఆయిల్) మంచి విరుగుడు. ఒక్కటే షరతు. ముద్దలో చాలా భాగం ఐసుతోనే ఊడిరావాలి. తైలం పని ఆ తర్వాత పోగులకు అంటుకుని మిగిలే పలుచని జిగురు వరకే. మూత తీసి నేరుగా ముద్ద మీద ఒంపితే మాత్రం మరక రెట్టింపవుతుంది. ఆ తప్పు తైలానిది కాదు.

గమ్‌లోని చక్కెర, రుచి నమిలేటప్పుడే కరిగిపోతాయి. ఉమ్మేసేది గమ్ బేస్. పాలీఐసోబ్యూటిలిన్, పాలీవినైల్ అసిటేట్ లాంటి పాలిమర్లూ మైనమూ కలిసిన రబ్బరు ముద్ద అది. గంటసేపు నోట్లో నానినా కరగని పదార్థం సబ్బు నీళ్లకు కరుగుతుందా? అందుకే షాంపూ నురుగుతో రుద్దడం వల్ల చేతి నొప్పి తప్ప ఏమీ మిగలదు. వేడి చేస్తే ఇంకా కష్టం. ఎండలో నిలిపిన కారులో గమ్ పాకంలా సాగి పోగుల అడుగుకు దిగుతుంది. హెయిర్ డ్రయర్ చేసేదీ అదే.

ముందు ఐసు సంగతి. ఊడివచ్చే మ్యాట్ అయితే మడతపడకుండా కవర్లో పెట్టి రెండు గంటలు ఫ్రీజర్‌లో ఉంచితే చాలు. ఫ్లోర్‌కు బిగించిన కార్పెట్ అయితే కారును నీడలో పెట్టాలి, వేసవిలో తెల్లవారుజామునే మొదలుపెట్టాలి. ఉత్త ఐసు సున్నా డిగ్రీల దగ్గరే ఆగుతుంది. అక్కడ గమ్ గట్టిపడుతుంది గానీ పూర్తిగా పెళుసెక్కకపోవచ్చు, లాగితే ఇంకా సాగవచ్చు. కుల్ఫీ బండి వాళ్లు చేసే పనే ఇక్కడా చెయ్యండి. చితక్కొట్టిన ఐసు మూడు వంతులకు రాళ్ల ఉప్పు ఒక వంతు కలిపితే చలి దాదాపు మైనస్ 15 దాకా దిగుతుంది. ఆ మిశ్రమాన్ని ఒకదానిలో ఒకటి పెట్టిన రెండు జిప్ కవర్లలో వేసి ముద్ద మీద పదిహేను నిమిషాలు ఆనించి ఉంచాలి. రెండు కవర్లు ఎందుకంటే, ఉప్పు నీళ్లు కారితే కార్పెట్ కింది ఇనుప రేకు తుప్పు పడుతుంది. ఒట్టి చేత్తో పట్టుకోకండి, చర్మం కాలినట్టు కమిలిపోతుంది.

చెంచా వెనకవైపుతో తడితే టక్కుమని గాజులాంటి శబ్దం రావాలి. మెత్తగా మోగితే ఇంకో అయిదు నిమిషాలు ఆగండి. తర్వాత పాత ఏటీఎం కార్డు అంచుతో చుట్టూతా అంచుల నుంచి మధ్యకు లేపుతూ రావాలి. మధ్య నుంచి బయటికి తోస్తే మచ్చ పెద్దదవుతుంది. రాలిన పలుకులను వెంటనే వ్యాక్యూమ్‌తో లాగేయాలి. రెండు నిమిషాలు ఆలస్యమైతే అవి మెత్తబడి చెప్పు కింద మరోచోట అంటుకుంటాయి. చాకు, కత్తెర వద్దు. మన దగ్గర తిరిగే చాలా కార్లలో ఉండేది సూదులతో గుచ్చి అదిమిన నాన్-వోవెన్ కార్పెట్. పోగులు కత్తిరిస్తే అక్కడ ఏర్పడిన గుంట ఇక పూడదు.

ఇప్పుడు తైలం. ముందు సీటు కింద కనపడని చోట ఒక చుక్క వేసి అయిదు నిమిషాల తర్వాత తెల్లగుడ్డతో అద్ది, రంగు దిగిందేమో చూడండి. రూపాయి బిళ్లంత మచ్చకు విడతకు అయిదారు చుక్కలు చాలు, అవీ గుడ్డ మీదే. మచ్చ మీద ఆ గుడ్డను రెండు మూడు నిమిషాలు అదిమి ఉంచితే జిగురు పోగును వదులుతుంది. పాత టూత్ బ్రష్‌తో పోగులు వాలిన దిక్కుకే దువ్వి, గుడ్డలో శుభ్రంగా ఉన్న చోటుతో పైకి తియ్యాలి. గుడ్డలో ఒకే చోటుతో తుడిస్తే తీసిన జిగురే మళ్లీ పూసినట్టు. గుడ్డ తెల్లదే కావాలి, రంగు గుడ్డ కార్పెట్‌కు రంగు ఇస్తుంది. మామూలుగా రెండు విడతలు, నెలల తరబడి తొక్కి నల్లబడిన గమ్‌కు మూడు. అంతకుమించి తైలం పట్టిస్తే అది కార్పెట్ వెనక పూతలోకీ కింద పరిచిన ఫెల్ట్ అనే మెత్తటి పొరలోకీ దిగుతుంది. పూత మెత్తబడుతుంది, ఘాటు రోజుల తరబడి కారులోనే ఉండిపోతుంది.

చివర్లో గ్లాసు గోరువెచ్చని నీళ్లకు అర టీస్పూన్ గిన్నెలు తోమే లిక్విడ్ కలిపి, పిండిన గుడ్డతో అద్దాలి. ఆ తర్వాత ఉత్త నీళ్ల గుడ్డ, ఆపైన పొడిగుడ్డ మీద బరువు. సబ్బు మిగిలితే ఆ చోటే దుమ్ము పట్టి వారంలో మళ్లీ నల్లబడుతుంది. పూర్తిగా ఆరేదాకా తలుపులు తెరిచే ఉంచండి.

కొనేటప్పుడు పరిమళం కోసం అమ్మే రంగు సీసాలు కాకుండా యూకలిప్టస్ ఆయిల్ అని మాత్రమే రాసి ఉన్నది తీసుకోండి. తెల్ల కాగితం మీద చుక్క వేసి కొన్ని గంటలు వదిలేస్తే అసలైన తైలం ఎగిరిపోతుంది. నూనె మరక నిలిచిందంటే వేరే నూనె కలిసినట్టే, అది కార్పెట్‌లోనూ అలాగే నిలుస్తుంది.

ఎగిరిపోవడమనే ఈ ఒక్క గుణమే మిగతావాటి కంటే దీన్ని పైన నిలబెడుతుంది. కొబ్బరి నూనె గమ్‌ను మెత్తబరుస్తుంది గానీ ఎగిరిపోదు. ఆ జిడ్డు వదిలించడానికి గమ్‌కు పట్టినంత సమయం పడుతుంది. తుప్పు వదిలించడానికి వాడే డబ్ల్యూడీ-40 స్ప్రే కూడా గమ్‌ను విడదీస్తుంది, వేగంలో ఏమాత్రం తీసిపోదు. అయితే అందులో మినరల్ ఆయిల్ ఉంది కాబట్టి సబ్బు విడత రెండుసార్లు చెయ్యాలి. ఇంట్లో అది ఉంటే తైలం కోసం పరుగెత్తక్కర్లేదు, కొత్తగా కొనాలంటే తైలమే మేలు. నెయిల్ పాలిష్ రిమూవర్‌లోని అసిటోన్ పోగులను ఏమీ చెయ్యకపోయినా ఒక్క చుక్క పక్కనున్న ప్లాస్టిక్ ట్రిమ్ మీద పడితే మచ్చ శాశ్వతం. పెట్రోల్ మాట ఎత్తనే వద్దు, మూసిన కారులో ఆ ఆవిరి చాలా ప్రమాదం.

తైలానికీ మంట అంటుకుంటుంది. దాదాపు 50 డిగ్రీల దగ్గర దాని ఆవిరి నిప్పు అందుకోగలదు, ఎండలో మూసిన కారు అంత వేడి తేలిగ్గా ఎక్కుతుంది. పని జరుగుతున్నంతసేపూ డాష్‌బోర్డు మీద అగరుబత్తి, సిగరెట్ ఉండకూడదు. తడిసిన గుడ్డను కారులో వదలకుండా బయట ఆరేయండి. సీసా పిల్లల చేతికి అందనివ్వకండి, కొద్దిగా మింగినా ప్రమాదమే. ఉబ్బసం ఉన్నవాళ్లను ఆ రోజు అదే కారు ఎక్కించకపోవడం మంచిది.

లెదర్ సీట్ల మీద, డోర్ ప్యాడ్ల మీద ఇది వాడకండి, మెరుపు పోతుంది. సీటు బెల్టుకు గమ్ అంటితే తైలమే కాదు, ఏ ద్రావకమూ తగలనివ్వకూడదు. ఐసుతో గీకినంత గీకి, మిగిలింది సబ్బు నీళ్లతో తుడిచి వదిలేయండి. బెల్టు మీద మచ్చ ఉన్నా ఫరవాలేదు, దాని నేత బలహీనపడకూడదు.