నాన్న వెతికిన పేరు, మేం పోగొట్టుకున్న 840 రూపాయలు

ఢిల్లీ వెళ్లేవాళ్లకు ముందే చెబుతున్నాను. ఇండియా గేట్ దగ్గర మెడలో కెమెరా వేసుకుని వెంటపడేవాళ్లు కనిపిస్తారు. వాళ్లతో ఫోటో రేటు ఒక్కటే మాట్లాడుకుంటే చాలదు, ఎన్ని ఫోటోలు తీయాలో కూడా ముందే తేల్చుకోవాలి. మేం తేల్చుకోలేదు. "ఫోటో ముప్పై రూపాయలు, నచ్చినవే తీసుకోండి" అన్నాడొకతను. అమ్మ ముచ్చటపడింది. ముగ్గురం నిలబడ్డాం. అటు తిరగమని, ఇటు తిరగమని తీస్తూనే ఉన్నాడు. పది నిమిషాలకు ఇంకొకతను 28 ప్రింట్లు పట్టుకొచ్చి 840 ఇమ్మన్నాడు. నాలుగు చాలన్నాం. ప్రింటు వేశాక వెనక్కి తీసుకోబోమని గొంతు పెంచారు. మరో ఇద్దరు వచ్చి చుట్టూ చేరారు. నాన్న మారు మాట్లాడకుండా డబ్బు లెక్కపెట్టి ఇచ్చేశారు. పదిహేడేళ్లు సైన్యంలో పనిచేసిన మనిషి. సైనికుల పేర్లు చెక్కిన ఆ గేటు ముందు గొడవపడటం ఇష్టం లేకే ఇచ్చారు. డబ్బు పోయినందుకు కాదు, ఆయన్ని ఆ పరిస్థితిలో నిలబెట్టినందుకు నాకు ఇప్పటికీ కడుపు మండుతోంది.

అసలు మేం వెళ్లింది ఫోటోలు దిగడానికి కాదు. నాన్న 1987లో భారత సైన్యం పంపిన శాంతిసేనతో శ్రీలంక వెళ్లారు. పక్క మంచం స్నేహితుడు అక్కడే చనిపోయాడు. జాతీయ యుద్ధ స్మారకంలో అతని పేరు ఉంటుందని ఎవరో చెప్పినప్పటి నుంచి, కళ్లారా చూడాలని నాన్న అంటూనే ఉన్నారు. ఈ అక్టోబరుకు కుదిరింది.

కరోల్ బాగ్‌లో లాడ్జి రోజుకు 1,900. గది శుభ్రంగా ఉంది, వేడినీళ్లు వచ్చాయి. అంతకంటే చెప్పడానికేం లేదు.

ఇండియా గేట్ ఎత్తు 42 మీటర్లు, 1931లో ప్రారంభించారు. దాని మీద 13 వేలకు పైగా పేర్లున్నాయి. దగ్గరికి పోనివ్వరు కాబట్టి జూమ్ లేకపోతే అక్షరాలు అందవు. కర్తవ్య పథ్ వైపు నుంచి తీయాలనుకుంటే సాయంత్రం వెళ్లండి, ఎండ ఆ ముఖం మీదే పడుతుంది. గేటు వెనక ఛత్రీలో, అంటే రాతి మండపంలో, నల్లటి నేతాజీ విగ్రహం ఉంది, 28 అడుగులు. మాది ఖమ్మం జిల్లా. ఆ విగ్రహం చెక్కిన 280 టన్నుల రాయి మా ఖమ్మం నుంచే వెళ్లింది, 140 చక్రాల లారీ మీద 1,665 కిలోమీటర్లు. ఆ మాట చెప్పగానే అమ్మ ఇంకోసారి వెనక్కి నడిచి వెళ్లి చూసొచ్చింది.

యుద్ధ స్మారకం అక్కడికి నాలుగడుగులే. 2019 ఫిబ్రవరి 25న ప్రారంభమైంది. టికెట్ లేదు. ఒకదాని చుట్టూ ఒకటిగా నాలుగు చక్రాలు. మధ్యలో అమర చక్రం, అందులో స్తంభం, జ్యోతి. దాని చుట్టూ వీరతా చక్రం, ఆ తర్వాత త్యాగ చక్రం. త్యాగ చక్రం గోడల నిండా గ్రానైట్ పలకలే, ఒక్కో పలక మీద ఒక్కో సైనికుడి పేరు బంగారు రంగు అక్షరాల్లో. ప్రారంభించిన నాటికే 25,942 పేర్లు. అన్నిట్లో ఒక్క పేరు ఎక్కడని వెతకడం? గంటసేపు తిరిగాం. అమ్మ మోకాళ్లు పట్టుకుని కూర్చుండిపోయింది.

అప్పుడు కాపలా జవాను ఒకతను తనే దగ్గరికొచ్చి, "ఏ పల్టన్ సాబ్?" అని నాన్నను అడిగాడు. ఆ ప్రశ్నకు నాన్న నిటారుగా అయిపోయారు. నంబరు, ర్యాంకు, పేరు, సంవత్సరం గుక్కతిప్పుకోకుండా చెప్పారు. జవాను లోపల వాకబు చేసి మమ్మల్ని వెంటబెట్టుకుని తీసుకెళ్లి, ఒక పలక ముందు నిలబెట్టి పక్కకు తప్పుకున్నాడు.

నాన్న ఏమీ అనలేదు. చూపుడువేలితో గాలిలోనే ఒక్కో అక్షరం కింద గీత గీసుకుంటూ చదివారు. తర్వాత ఫోటో తీయమన్నారు. మిట్టమధ్యాహ్నం కావడంతో రాయి మెరిసి, అక్షరాలన్నీ తెల్లటి మరకలా పడ్డాయి. ఎటు వంగినా అంతే. నాన్న మెల్లగా సూర్యుడికి అడ్డంగా వచ్చి నిలబడ్డారు. ఆయన నీడ పలక మీద పడగానే పేరు పూర్తిగా కనిపించింది. నేను తీసేదాకా కదల్లేదు. మీవాళ్ల పేరు తీయాలనుకుంటే పొద్దున్నే వెళ్లండి, లేదా మనిషి నీడ పట్టండి. ఫ్లాష్ మాత్రం వద్దు.

సాయంత్రం దాకా అక్కడే ఉండండని జవానే చెప్పాడు. సూర్యాస్తమయం వేళ అమరుల కుటుంబాల్లోంచి ఒకరు వచ్చి పుష్పగుచ్ఛం పెడతారు. ఆ రోజు ఒక ముసలావిడ వచ్చింది. నేను ఫోన్ జేబులో పెట్టేశాను.

మర్నాడు సోమవారం. చూసుకోకుండా గాంధీ స్మృతికి ఆటోలో వెళ్లాం, 180 రూపాయలు. సోమవారం సెలవు. మంగళవారం మళ్లీ వెళ్లాం. గాంధీజీ చివరి 144 రోజులు ఉన్న ఇల్లు అది. గది నుంచి ప్రార్థన స్థలం దాకా ఆయన ఆఖరి అడుగులను సిమెంటులో పోశారు. వాటి పక్కనే నడిచాం, తొక్కలేదు. రాజ్‌ఘాట్‌లో చెప్పులు విప్పాలి. ఎండకు అమ్మ అరికాళ్లు చురుక్కుమన్నాయి, సాక్సులు తీసుకెళ్లండి. ఆ వరసలోనే పీవీ గారి స్మారకం కూడా ఉంది. ఆయన అంత్యక్రియలు 2004లో హైదరాబాద్‌లో జరిగాయి, ఢిల్లీలో ఈ గుర్తు 2015లో గానీ రాలేదు. మేం వెళ్లినప్పుడు అక్కడ మా ముగ్గురం తప్ప ఎవరూ లేరు. నాకది బాధనిపించింది. తెలుగువాళ్లు ఢిల్లీ వెళ్తే పది నిమిషాలు అక్కడికి కేటాయించాలి.

ఇంటికొచ్చాక అమ్మ ఆ 28 ప్రింట్లలో రెండు దాచుకుంది. నాన్న ఆ పలక ఫోటో ఒక్కటే పెద్దది చేయించమన్నారు, ఫ్రేముతో 450 అయింది. స్నేహితుడి భార్య నల్గొండ దగ్గర ఉంటోంది. వచ్చే ఆదివారం తనే తీసుకెళ్లి ఇస్తానన్నారు. ఫోటో అడుగున తన నీడ అంచు పడింది కదా, అది కత్తిరించమంటారా అని స్టూడియో అబ్బాయి అడిగితే, "ఉండనీ" అన్నారు.