టైర్లో పూసలా, రిమ్ముకు వెయిట్లా? ఇంట్లో బ్యాలెన్సింగ్‌కు ఏది మేలు

బైకు టైరు ఇంట్లోనే మార్చుకునేవాళ్లు నన్ను పదేపదే అడిగేది ఒక్కటే: బ్యాలెన్సింగ్ పూసలు (చక్రం తూకం సరిచేసే సన్నని గుళ్లు) తెప్పించి లోపల పోసేస్తే చాలా, లేక చక్రం తూకం చూసే స్టాండు కొని వెయిట్లు అంటించుకోవాలా? మొన్న నా బైకుకు రెండు టైర్లూ మార్చినప్పుడు నేనూ ఈ లెక్కే వేసుకున్నాను.

పూసల పని సులువు. వాల్వు పిన్ను తీసి, చిన్న సీసాకు గొట్టం తగిలించి, మామూలుగా ముందు చక్రంలోకి 28 గ్రాములు, వెనక చక్రంలోకి 56 గ్రాములు జార్చేస్తే అయిపోతుంది. టైరు అరిగి తూకం మారినా అవే సర్దుకోవాలి. సూత్రంలో మోసం లేదు. చక్రం ఒక వేగం దాటాక, లోపల దొర్లే గుళ్లు బరువైన చోటుకు ఎదురుగా చేరతాయి. కొన్ని వాషింగ్ మెషీన్ల డ్రమ్ములో పెట్టే గుళ్లు చేసేదీ ఇదే.

నాకు చిక్కల్లా ఆ ‘ఒక వేగం’ దగ్గరే. రోడ్డు మీద చక్రానికి పైకీ కిందికీ ఊగే తనదైన ఊపు ఒకటుంటుంది, సుమారుగా సెకనుకు 10 నుంచి 15 సార్లు. చక్రం సెకనుకు తిరిగే చుట్లు ఆ లెక్కను దాటితేనే పూసలు తేలికవైపు పోతాయి. దాటకపోతే బరువైన వైపుకే జరిగి వణుకు పెంచుతాయి. 17 అంగుళాల బైకు చక్రం ఒక్క చుట్టుకు దాదాపు 2 మీటర్లు పోతుంది. అంటే ఆ గీత గంటకు 72 నుంచి 108 కిలోమీటర్ల మధ్య ఎక్కడో పడుతుంది. షాక్ అబ్జార్బర్లను బట్టి, టైర్లో గాలిని బట్టి అటూఇటూ అవుతుంది. విజయవాడ హైవే మీద 110లో పోయేవాళ్ల సంగతి వేరు. మండలాల మధ్య రోడ్ల మీద 60లో పోతూ, ఊరొచ్చినప్పుడల్లా స్పీడ్ బ్రేకరుకు 20కి దిగే మనకు పూసలు కుదురుకునే వేళెక్కడ?

పైగా పంక్చర్లు. స్ట్రిప్ వేసుకుంటే సరే, లోపలినుంచి ప్యాచ్ వేయాలంటే టైరు విప్పాలి, పూసలు షాపు నేలంతా దొర్లుతాయి. గాలి మెషీన్లోంచి తడి వస్తే ముద్దకడతాయి. వాల్వులో ఒక్క పూస ఇరుక్కున్నా గాలి కారుతూనే ఉంటుంది.

స్టాండు దగ్గర నాకు నచ్చింది, తప్పు కంటికి కనబడటం. యాక్సిల్ రాడ్డు దూర్చి బేరింగుల మీద పెడితే, చక్రం మెల్లగా తిరిగి బరువైన చోటు కిందికొచ్చి ఆగుతుంది. పైభాగాన 5 గ్రాముల ముక్క టేపుతో తాత్కాలికంగా అంటించి, చక్రాన్ని పావు చుట్టు తిప్పి వదలాలి. ఎక్కడ వదిలితే అక్కడే నిలిచేదాకా కలుపుతూ పోవడమే. అప్పుడు రిమ్మును స్పిరిట్‌తో తుడిచి అసలు వెయిట్లు అంటించాలి, జిడ్డుంటే ఊడిపోతాయి. టైరు మీద పసుపు చుక్క ఉంటే ముందే దాన్ని వాల్వు పక్కకు తెచ్చుకోండి, సాధారణంగా అదే టైర్లో తేలిక చోటు. ఈ శ్రమ దండగ కాదు. 20 గ్రాముల తేడా 60 వేగంలో కిలోంపావు బలంతో లాగితే, 100 వేగంలో మూడున్నర కిలోలతో లాగుతుంది. స్పోకు చక్రమైతే స్పోకుకు సోల్డర్ తీగ గట్టిగా చుట్టే పాత పద్ధతీ బాగానే పనిచేస్తుంది.

పూసలకు బదులు ప్లాస్టిక్ గుళ్లు వాడదామంటే, టైరు విప్పితేగాని పోయలేం. పంక్చరు ద్రవాన్ని బ్యాలెన్సింగ్ కోసం పోయకండి. రాత్రంతా అడుగుకు చేరి పొద్దున్నే ఊపుతుంది.

కారుకు రెండూ వద్దంటాను. టైరు వెడల్పు కాబట్టి రిమ్ము లోపలి అంచుకూ బయటి అంచుకూ వేరువేరుగా తూకం చూడాలి, అది మెషీన్ పని. లోపల గాలి సెన్సరు ఉంటే పూసల జోలికే పోవద్దు.

స్టాండు మీద తూకం కుదిరినా వణుకు పోలేదంటే రిమ్ము వంగి ఉండొచ్చు. అంచు పక్కన పుల్ల కట్టి చక్రం తిప్పండి. ఒకచోట తగిలి మరోచోట తగలకపోతే, ముందు ఆ వంకర తీయించాలి.